బానిస ఓడ నుంచి బైబిలు దాకా

తెలుగు బైబిలు మన ఇళ్లలో ఎంతగా కలిసిపోయిందంటే, ఒకప్పుడు అది లేదన్న సంగతే మనకు తట్టదు. మోషే, దావీదు, పౌలు మొదటినుంచీ తెలుగులోనే మాట్లాడారన్నట్టు చదువుకుంటాం. బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ మిషనెరీ 18వ శతాబ్దంలోనే లేఖనాలను తెలుగులోకి అనువదించాడు. కానీ ఆ రాతప్రతి అచ్చుకు నోచుకోలేదు. తెలుగు కొత్త నిబంధన శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1818లో. ఈ మధ్యకాలంలో పుట్టి, బతికి, వెళ్లిపోయిన తెలుగువారి మాటేమిటని ఎవరైనా అడిగితే మన దగ్గర జవాబు లేదు. మనకు బైబిలు ఇచ్చిన మిషనెరీలు తెలుగును పెద్దయ్యాక నేర్చుకున్నవారు. వారి పక్కన కూర్చుని ఒక్కొక్క మాటా సరిచూసిన తెలుగు పండితుల పేర్లు చాలావరకు మరుగునపడ్డాయి.

ఈ వారం మనం తలచుకుంటున్న దైవసేవకుడి కథ వేరు. ఆయన అనువదించింది తన కన్నతల్లి భాషలోకి. ఆ భాష మాట్లాడే ఊరినుంచి ఆయన్ను పదమూడేళ్ల ప్రాయంలో మెడకు తాడు కట్టి మేకలా లాక్కుపోయారు. పాతికేళ్ల తర్వాత ఆయన అదే భాషలో సువార్త చేతబట్టుకుని తిరిగివచ్చాడు. ఆయనే బిషప్ శామ్యూల్ అజాయి క్రౌతర్.

ఇప్పటి నైజీరియా దేశపు నైరుతి భాగంలో యొరూబా ప్రజలుంటారు. వారి ఊళ్లలో ఒసోగున్ ఒకటి. అక్కడ 1809 ప్రాంతంలో ఒక నేతగాడి ఇంట అజాయి పుట్టాడు. తల్లి పేరు అఫాలా. 1821 తొలినాళ్లలో ఒక ఉదయం, ఇంట్లో ఇంకా పొద్దుటి వంట సాగుతుండగా, బానిసలను పట్టే దండు ఊరిని చుట్టుముట్టింది. తండ్రి పోరాటం మధ్యలో ఒక్కసారి ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. పారిపొమ్మని భార్యాబిడ్డలను హెచ్చరించి మళ్లీ వెళ్లిపోయాడు. అజాయి తండ్రిని చూడటం అదే ఆఖరు. చంటిబిడ్డను ఎత్తుకున్న తల్లి, పిల్లలు పొదల మధ్య పరుగెత్తలేక దొరికిపోయారు. కాలిపోతున్న ఊరిని వెనక్కి తిరిగి చూస్తూ నడిచారు. ఆ రోజే దోచుకున్న సొమ్ముతోపాటు మనుషులనూ పంచుకున్నారు. తల్లి ఒకరి వాటాకు పోయింది, అజాయి ఇంకొకరి వాటాకు వచ్చాడు. అతడిని ఒక గుర్రానికి బదులుగా ఇచ్చారు. కొన్నాళ్లకు గుర్రం నచ్చలేదని దాన్ని తిప్పి పంపి, పిల్లవాడిని వెనక్కి తీసుకున్నారు.

యోసేపు కథ మనకు చిన్నప్పటి సండే స్కూలునుంచీ తెలుసు. యోసేపు ఒక్కసారి చేతులు మారి ఐగుప్తు చేరాడు. అజాయి చేతులు మారిన లెక్క అంతకంటే ఎక్కువ. ఒక సంతలో పొగాకుకు, ఇంకో సంతలో రమ్ముకు అమ్మారు. మధ్యలో కొద్దికాలం తల్లి ఉన్న ఊళ్లోనే ఉండే అవకాశం దొరికింది. అదీ ఒక సాయంత్రంతో ముగిసిపోయింది. తెల్లవాళ్లకు అమ్మేస్తారన్న భయం అతడిని పట్టుకుంది. ఒక దశలో రాత్రివేళ తన నడుముకట్టుతోనే ప్రాణం తీసుకోవాలనుకుని, ధైర్యం చాలక ఆగిపోయాడు. చివరికి భయపడినంతా జరిగింది. లాగోస్ రేవులో పోర్చుగీసు వ్యాపారులు కొన్నారు. అక్కడ ఆరు బారల పొడవున్న గొలుసును మెడ కంటెల్లోంచి దూర్చి, పెద్దవాళ్లను పిల్లలను కలిపి బంధించారు. కోపంతోనో బాధతోనో పెద్దవాళ్లు గొలుసు గుంజితే పిల్లల మెడలు ఒరుసుకుపోయేవి. 1822 ఏప్రిల్‌లో మరో 186 మందితో కలిపి అజాయిని ఓడ ఎక్కించారు.

ఆ సాయంత్రమే బ్రిటిష్ యుద్ధనౌకలు ఆ ఓడను అడ్డగించాయి. బ్రిటన్ 1807లో బానిస వ్యాపారాన్ని నిషేధించి, దాన్ని ఆపడానికి పడమటి ఆఫ్రికా తీరంలో నౌకలను తిప్పుతోంది. మిర్మిడాన్ అనే నౌక కెప్టెన్ పేరు హెన్రీ లీక్. తమను విడిపించడానికి వచ్చారని ఆ పిల్లలకు ఎలా తెలుస్తుంది? యుద్ధనౌక మీద వేలాడుతున్న పంది మాంసాన్ని మనిషి మాంసమనీ, గుట్టగా పేర్చిన ఫిరంగి గుండ్లను తలకాయలనీ అనుకుని వణికిపోయారట. దగ్గరకు వెళ్లి చూసుకుంటే గానీ వాళ్ల భయం తీరలేదు. ఆ ఏడాది జూన్‌లో వాళ్లను సియెర్రా లియోన్‌లో దింపారు. అది విడిపించిన బానిసలకోసం ఏర్పడిన కాలనీ. వంద రకాల భాషలవాళ్లు అక్కడ ఒకచోట చేరి ఉన్నారు.

చర్చ్ మిషనరీ సొసైటీ వారి బడిలో అజాయి అక్షరాలు నేర్చుకున్నాడు. మొదటి రోజు పాఠం కాగానే తనవాళ్లెవరినో అరపెన్నీ అడిగి, సొంతానికి ఒక అక్షరాల అట్ట కొనుక్కున్నాడు. ఆరు నెలల్లో ఇంగ్లిషు కొత్త నిబంధన చదవగలిగాడు. వడ్రంగం కూడా నేర్చుకున్నాడు. 1825 డిసెంబరు 11న జాన్ రాబన్ అనే మిషనెరీ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. లండన్‌లోని ఒక పాదిరి పేరు మీదుగా శామ్యూల్ క్రౌతర్ అయ్యాడు. 1827లో ఫురా బే విద్యాలయం మొదలైనప్పుడు తొలి విద్యార్థుల్లో అతడొకడు. తనలాగే బానిస ఓడనుంచి విడుదలైన అసానో అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె సూసన్ పేరుతో బాప్తిస్మం పొంది ఉపాధ్యాయురాలైంది. ఇల్లు, ఉద్యోగం, సంఘంలో గౌరవం అన్నీ అమరాయి. కథ ఇక్కడితో ముగిసినా మనం దాన్ని మంచి సాక్ష్యమనే అనుకునేవాళ్లం.

అయితే 1841లో ఒక సంగతి జరిగింది. నైజర్ నది వెంట ఆఫ్రికా లోపలికి బ్రిటిష్ ప్రభుత్వం మూడు ఆవిరి ఓడలు పంపింది. సొసైటీ తరఫున జేమ్స్ షోన్ అనే మిషనెరీ, క్రౌతర్ వాటిలో వెళ్లారు. ఇదే ఏడాది ఇదే సొసైటీ రాబర్ట్ నోబుల్‌నూ హెన్రీ ఫాక్స్‌నూ మన మచిలీపట్నానికి పంపిందని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఒకే ఆఫీసులో, ఒకే బల్ల మీద, తెలుగుదేశం గురించీ నైజర్ గురించీ ఉత్తరాలు నడిచిన రోజులవి. నైజర్ యాత్ర మాత్రం ఘోరంగా ముగిసింది. మలేరియా జ్వరాలకు దాదాపు నలభైమంది తెల్లవాళ్లు చనిపోయారు. షోన్‌కు ఇంకో దెబ్బ తగిలింది. సియెర్రా లియోన్‌లో కష్టపడి నేర్చుకున్న ఇగ్బో భాష నది ఒడ్డున ఆబో ఊళ్లో పలికే ఇగ్బోతో కలవలేదు. ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. ఈ నేలకు సువార్త ఇక్కడి బిడ్డల నోటినుంచే రావాలనీ, అందుకు తగినవాడు క్రౌతర్ అనీ లండన్‌కు రాశాడు. తాను చేయలేని పనికి వేరొకరి పేరు చెప్పి పక్కకు తప్పుకోవడం చిన్న విషయం కాదు. షోన్ పేరు ఈ కథలో మనం మరచిపోకూడదు.

క్రౌతర్ లండన్ వెళ్లి చదువుకుని 1843లో అభిషేకం పొందాడు. ఆ ఏడాదే ఆయన రాసిన యొరూబా పదకోశం, వ్యాకరణం అచ్చయ్యాయి. అంతకుముందు కొందరు కొన్ని పదాల పట్టికలు చేశారు గానీ, ఆ భాషను లోపలినుంచి తెలిసినవాడు రాసిన తొలి పుస్తకం అదే. 1844 జనవరి 9న ఫ్రీటౌన్‌లో యొరూబాలో తొలి ఆరాధన జరిపాడు. లూకా సువార్త మొదటి అధ్యాయం 35వ వచనం మీద వాక్యం చెప్పాడు. పుట్టినప్పటినుంచీ తెలిసిన భాషే అయినా, ఆ రోజు మాత్రం ఇప్పుడిప్పుడే మాటలు నేర్చుకుంటున్న పసివాడిలా తనకు తోచిందని ఆయన రాసుకున్నాడు. ఇది ఎంత నిజమో ఇంట్లో ఒక భాష, గుడిలో ఇంకో భాష మాట్లాడేవాళ్లకు తెలుసు. ఇరవై ఏళ్లుగా ఆయన ఇంగ్లిషులోనే చదివాడు, ఇంగ్లిషులోనే ప్రార్థించాడు. దేవునితో అమ్మ భాషలో ఎలా మాట్లాడాలో ఆయన మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది.

అప్పటికే ఫ్రీటౌన్‌లోని యొరూబా జనం కొందరు డబ్బులు పోగేసి, పట్టుబడిన బానిస ఓడనే వేలంలో కొనుక్కుని, దాని మీద తమ దేశానికి తిరిగివెళ్లడం మొదలుపెట్టారు. తమకు పాదిరిని పంపమని కోరారు. హెన్రీ టౌన్‌సెండ్‌తో, కార్ల్ గోల్మర్‌తో కలిసి క్రౌతర్ కుటుంబం 1845లో తీరంలోని బడాగ్రి చేరింది. దారులు తెరుచుకునేదాకా ఏడాదిన్నర అక్కడే ఆగాల్సి వచ్చింది. 1846లో ఓలుమో అనే పెద్ద బండ కింద కాందిశీకులు కట్టుకున్న అబెయొకుటా పట్టణానికి వెళ్లారు.

అక్కడికి వెళ్లిన మూడు వారాలకు, ఆగస్టు 21న, ఒక ముసలామె ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. అఫాలా. విడిపోయి పాతికేళ్లయింది. కొడుకు చనిపోయాడనే ఆమె అనుకుంది. మధ్యలో మరిన్నిసార్లు బానిసగా పట్టుబడింది. ఇద్దరికీ మాట రాలేదు. చేతులు పట్టుకుని ఒకరినొకరు చూస్తూ ఉండిపోయారు. ఆమె వణుకుతూ, చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేర్లతో ఆయన్ను పిలిచింది. ఇన్నేళ్లలో ఆయన తల్లిని వెతకడం కూడా మానుకున్నాడు. ఇప్పుడామె తానే వచ్చింది.

ఇప్పుడు ఆలోచిద్దాం. తల్లికి తన దేవుని గురించి చెప్పాలంటే ఏ పుస్తకం చదివి వినిపించాలి? తాను మారుమనస్సు పొందిన బైబిలు ఇంగ్లిషుది. అది ఆమెకు ఒక్క ముక్క అర్థం కాదు. క్రౌతర్ అనువాదం వెనక ఎన్ని కమిటీలు, ఎన్ని తీర్మానాలున్నా, ఆ పని ఎంత అత్యవసరమో ఆయన ఇంటి వసారాలోనే కూర్చుని ఉంది. 1848 ఫిబ్రవరి 5న అబెయొకుటాలో జరిగిన తొలి బాప్తిస్మాల్లో అఫాలా ఒకరు. ఆమెకు హన్నా అని పేరు పెట్టారు. సమూయేలు తల్లికి అంతకంటే తగిన పేరు ఏముంటుంది? ఆమె చాలా పెద్ద వయసు దాకా బతికి 1883లో కన్నుమూసింది.

1850లో రోమా పత్రిక యొరూబాలో అచ్చయింది. మరుసటి ఏడాది లూకా సువార్త, అపొస్తలుల కార్యాలు, యాకోబు, పేతురు పత్రికలు వచ్చాయి. తర్వాత ఆదికాండం, నిర్గమకాండం, కీర్తనలు, సామెతలు. థామస్ కింగ్ అనే మరో ఆఫ్రికన్ సేవకుడు ఈ పనిలో ఆయనకు కుడిభుజం. గోల్మర్, హిండరర్ వంటి జర్మన్ మిషనెరీలూ కలిశారు. అచ్చు వేయించడంలో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ అండగా నిలిచింది. ఆ సొసైటీకి పెద్దమనుషుల చందాలతోపాటు వారానికి ఒక పెన్నీ చొప్పున కూలివాళ్లు, పనిమనుషులు ఇచ్చిన డబ్బు కూడా చేరేది. తమ జీవితంలో ఒక్క యొరూబా మనిషినైనా చూడని వంటమనిషి ఇచ్చిన పెన్నీ కూడా ఆ పుస్తకాల్లో ఉంది.

పని మాత్రం చెప్పినంత తేలిక కాదు. యొరూబా స్వరం మీద నడిచే భాష. ఒకో అనే ఒక్క మాటనే స్వరం పైకీ కిందికీ మారుస్తూ పలికితే ఒకసారి భర్త, ఒకసారి పార, ఒకసారి పడవ, ఒకసారి ఈటె అవుతుంది. ఇంగ్లిషు అక్షరాలతో దీన్ని రాయడమెలా? కొన్ని అక్షరాల కింద చుక్కలు, పైన గీతలు పెట్టాలని నిర్ణయించడానికి లండన్‌లో హెన్రీ వెన్, యూరప్ భాషాపండితులు ఏళ్లతరబడి తర్జనభర్జన పడ్డారు. చివరికి 1875లో లాగోస్‌లో క్రౌతర్ అధ్యక్షతన జరిగిన సమావేశం రాత పద్ధతిని స్థిరపరిచింది. మన తెలుగుకు లిపి, వ్యాకరణం, వెయ్యేళ్ల సాహిత్యం మిషనెరీలు రాకముందే ఉన్నాయి. చాలా జాతులకు ఆ అదృష్టం లేదు. వాళ్ల విషయంలో బైబిలు అనువాదమంటే మొదట అక్షరం చేయాలి, తర్వాత పలక పట్టించాలి, ఆ తర్వాతే వాక్యం.

మాటల ఎంపిక ఇంకో పెద్ద పరీక్ష. క్రౌతర్ సంతల్లో, ప్రయాణాల్లో, ముసలివాళ్ల కబుర్లలో చెవి ఒగ్గి తిరిగేవాడు. సామెతలు, మరుగునపడిన మాటలు, సంప్రదాయ పూజారుల ప్రార్థనలు కూడా రాసుకునేవాడు. మిషను బంగళాలో పుట్టిన కృత్రిమ భాష కాకుండా ఇంట్లో పలికే మాట కావాలన్నది ఆయన పట్టుదల. దేవునికి ఆయన కొత్త పేరేదీ కల్పించలేదు. ఆకాశానికి యజమాని అనే అర్థంలో యొరూబా జనం అనాదిగా పలికే ఒలోరున్ అనే పేరునే ఉంచాడు. కృపకు యొరూబా బైబిల్లో ఉన్న మాటను విడదీస్తే ఊరికే దొరికిన మేలు అని అర్థం వస్తుంది. రోమా పత్రిక చదివే సామాన్యుడికి అంతకంటే పెద్ద వ్యాఖ్యానం అక్కర్లేదు. యాజకుడికి ముస్లింలు వాడుతున్న అల్ఫా అనే మాటనే తీసుకున్నాడు. అన్ని ఎంపికలూ అందరికీ నచ్చలేదు. సాతానుకు ఎషు అనే యొరూబా దేవత పేరు పెట్టడాన్ని సంప్రదాయ ఆరాధకులు, పండితులు నేటికీ తప్పుపడతారు. ఎషు వాళ్ల నమ్మకంలో కబురు మోసే దేవత, చిలిపివాడు, శిక్షించేవాడు, అయితే మన బైబిలు చెప్పే అపవాది కాడు. ఈ అభ్యంతరంలో న్యాయముందని మనం ఒప్పుకోవాలి. సొంత భాష తెలిసినవాడి చేతిలో కూడా ఒక మాట అటూఇటూ అయితే, నూటయాభై ఏళ్లయినా దాని బరువు తగ్గదు.

1862లో పెద్ద నష్టం వచ్చింది. లాగోస్‌లో ఇంటికి నిప్పంటుకుని, అచ్చుకు సిద్ధమవుతున్న అనువాదాల రాతప్రతులు, పదకొండేళ్లుగా కూడబెట్టిన మాటలు, సామెతల సేకరణ బూడిదయ్యాయి. మిగతా సామాను పోయినందుకు ఆయన అంతగా బాధపడలేదు. డబ్బుతో తిరిగిరానిది, జ్ఞాపకంనుంచి కూడా పూర్తిగా రాబట్టుకోలేనిది ఆ సేకరణేనని కుమిలిపోయాడు. మళ్లీ మొదలుపెట్టాడు. సంపూర్ణ యొరూబా బైబిలు 1884లో పూర్తయింది. రోమా పత్రిక అచ్చయిన తర్వాత ముప్పై నాలుగేళ్లకు.

అనువాదానికి సాయం చేయాలనుకునే సంఘాలు ఈ లెక్క చూసుకోవాలి. ప్రపంచంలో 7 వేలకు పైగా భాషలున్నాయి. సంపూర్ణ బైబిలు చేరినవి వాటిలో సుమారు పదో వంతు మాత్రమే. మన మధ్యే కోయ, కువి, సవర వంటి భాషలు ఇంట్లో మాట్లాడుతూ, ఆదివారం తెలుగులో వాక్యం వినే విశ్వాసులున్నారు. గోదావరి ఒడ్డున దుమ్ముగూడెంలో కోయల మధ్య ఈ సీఎంఎస్ మిషనెరీలే 19వ శతాబ్దంలో పనిచేశారు. కన్వెన్షన్లకు షామియానాలు వేయడానికి, వాల్‌పోస్టర్లకు ధారాళంగా ఇచ్చే మన చేతులు, ఇరవై ఏళ్లు కనిపించకుండా సాగే ఒక పనికి ఇవ్వాలంటే ముడుచుకుంటాయి. ఫొటో తీసి చూపించడానికి అందులో ఏమీ ఉండదు మరి. ఒక మనిషి, ఒక బల్ల, ఒకే వచనం మీద నాలుగు రోజులు.

ఇక క్రౌతర్ కథకు వద్దాం. 1851 నవంబరులో ఆయన ఇంగ్లండ్ వెళ్లినప్పుడు విండ్సర్ కోటలో రాణి విక్టోరియాను కలిశాడు. ఆఫ్రికా పటం ముందు నిలబడి లాగోస్ బానిస వ్యాపారం గురించి ప్రిన్స్ ఆల్బర్ట్‌కు వివరిస్తుంటే, పక్కన శ్రద్ధగా వింటున్న స్త్రీ రాణి అని ఆయన మొదట గుర్తించలేదు. ప్రభువు నేర్పిన ప్రార్థనను యొరూబాలో చెప్పి వినిపించమని అడిగితే చెప్పాడు. ఆ భాష మెత్తగా, శ్రావ్యంగా ఉందని రాణి మెచ్చుకుంది.

1864 జూన్ 29న కాంటర్‌బరీ కథీడ్రల్‌లో ఆయన బిషపుగా అభిషేకం పొందాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆఫ్రికా జాతివాడు బిషపు కావడం అదే మొదలు. ఆ రోజు కిక్కిరిసిన కథీడ్రల్‌లో ఇద్దరిని మనం ప్రత్యేకంగా చూడాలి. ఒకరు సర్ హెన్రీ లీక్, నాడు బానిస ఓడను అడ్డగించిన కెప్టెన్, అప్పటికి అడ్మిరల్. రెండోవారు మిసెస్ వీక్స్, సియెర్రా లియోన్‌లో ఆ పిల్లవాడికి అక్షరాలు దిద్దించిన మిషనెరీ భార్య.

ఈ గౌరవంలోనూ ఒక ముల్లు ఉంది. యొరూబా నేలలో పనిచేస్తున్న తెల్ల మిషనెరీలు, ముఖ్యంగా టౌన్‌సెండ్, నల్లవాడైన బిషపు కింద పనిచేయడానికి ఒప్పుకోలేదు. అందుచేత ఆయన్ను నైజర్ నదీతీరానికి, ఆయన భాష కాని భాషల మధ్యకు పంపారు. యొరూబాకు బైబిలు ఇచ్చిన మనిషి అబెయొకుటాకు బిషపు కాలేకపోయాడు. నైజర్ మీద ఆయనే దుబాసీలమీద ఆధారపడే పరాయివాడయ్యాడు. అయినా అక్కడా అదే సూత్రం పాటించాడు. ఇగ్బో వాచకం, నూపె వ్యాకరణం తయారుచేశాడు. ఇగ్బో అనువాదానికి మాత్రం ఇగ్బో తల్లిదండ్రుల బిడ్డ జాన్ క్రిస్టఫర్ టేలర్ ఉన్నాడు. 1857లో ఒనిత్షాలో పని మొదలుపెట్టింది టేలరే.

వెన్ 1873లో చనిపోయాక క్రౌతర్‌ను నమ్మి వెనక నిలిచే మనిషి లండన్‌లో లేకుండా పోయాడు. నైజర్ సేవలో లోపాలు లేకపోలేదు. వందల మైళ్ల నది, ఏడాదికి కొన్నిసార్లే దొరికే వ్యాపారుల ఓడ, శిక్షణ చాలని సేవకులు, వారిలో కొందరి తప్పుడు నడవడి, ముసలి బిషపు మరీ మెతకదనం ఇవన్నీ నిజమే. అయితే 1890లో వచ్చిన పాతికేళ్ల యువ ఇంగ్లిషు మిషనెరీలు సరిదిద్దడానికి బదులు ఊడ్చేయడానికి పూనుకున్నారు. ఆ ఏడాది ఆగస్టులో ఒనిత్షాలో జరిగిన కమిటీ సమావేశంలో ఎనభై ఏళ్ల బిషపు ముందే ఆయన పాదిరులను ఒక్కొక్కరినే తప్పించారు. ఆయన కుమారుడు ఆర్చ్‌డీకన్ డాండెసన్‌నూ వదల్లేదు. ఆ అధికారం మీకెక్కడిదని వాదించి, ఫలితం లేక ఆయన కమిటీకి రాజీనామా ఇచ్చి లేచాడు. చేతులు వణికాయని చూసినవారు చెప్పారు. సువార్త పేరున జరిగిన ఈ అవమానాన్ని మెత్తని మాటలతో కప్పిపుచ్చడం మనకు తగదు.

1891 డిసెంబరు 31న పక్షవాతంతో లాగోస్‌లో ఆయన ప్రభువునందు నిద్రించాడు. ఆ స్థానంలో మళ్లీ ఒక తెల్ల బిషపును నియమించారు. ఈ దెబ్బ ఒక్క ఆఫ్రికాకే పరిమితం కాలేదు. స్థానికులకు బిషపు పదవి ఇవ్వాలన్న మాట వచ్చినప్పుడల్లా నైజర్ ఉదాహరణ చూపించేవారు. కాంటర్‌బరీ అభిషేకం తర్వాత నలభై ఎనిమిదేళ్లకు గానీ, 1912 డిసెంబరు 29న కలకత్తాలో, వేదనాయకం శామ్యూల్ అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషపుగా మన డోర్నకల్‌కు రాలేదు. ఆయన తమిళుడు. తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్య పల్లె పల్లె తిరిగాడు.

క్రౌతర్ అభిషేకం జరిగి నూటయాభై ఏళ్లయిన సందర్భంగా 2014 జూన్ 29న అదే కాంటర్‌బరీ కథీడ్రల్‌లో ఆరాధన జరిగింది. దానికి కృతజ్ఞత, పశ్చాత్తాప ఆరాధన అని పేరు పెట్టారు. ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ ఆ రోజు, తమ సంఘం క్రౌతర్‌కు చేసిన అన్యాయానికి బహిరంగంగా విచారం తెలిపాడు.